పట్టి పెంచాలా, ఉన్నచోటే కాపాడాలా? అంతరిస్తున్న జీవి విషయంలో దారి ఎంచుకోవడం ఎలా

1987 ఏప్రిల్ 19న కాలిఫోర్నియాలో ఒక కళేబరాన్ని ఎరగా పెట్టి, దాని మీద వాలిన కాండోర్ అనే పెద్ద రాబందు పైకి వల పేల్చారు. ఆ పక్షి పేరు ఏసీ-9. స్వేచ్ఛగా ఎగురుతున్న కాలిఫోర్నియా కాండోర్లలో అదే ఆఖరిది. దాంతో ప్రపంచంలో మిగిలిన కాండోర్లు 27, ఇరవై ఏడూ బోనుల్లోనే. ‘గౌరవంగా అడవిలోనే పోనివ్వండి, పట్టుకోకండి’ అని వాదించినవాళ్లు అప్పట్లో తక్కువేం లేరు. ఇప్పుడు ఆ జాతి 500 దాటింది. అందులో సగానికి పైగా బయట ఎగురుతున్నాయి.

ముప్పై ఏళ్ల తర్వాత, 2017లో, మెక్సికో దగ్గర గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రయత్నమే జరిగింది. అక్కడి జీవి వకీటా, డాల్ఫిన్లకు చుట్టమైన చిన్న సముద్ర క్షీరదం. అప్పటికి మిగిలినవి ముప్పైకి మించవని అంచనా. నేవీ శిక్షణ ఇచ్చిన డాల్ఫిన్లతో వెతికించారు. మొదట దొరికిన పిల్ల బాగా బెదిరిపోవడంతో వదిలేశారు. నవంబరులో దొరికిన పెద్ద ఆడది కొన్ని గంటల్లోనే చనిపోయింది. పట్టడం అంతటితో ఆపేశారు.

నిర్ణయం రెండుచోట్లా ఒకటే, ఫలితాలు మాత్రం ఇలా వచ్చాయి. అదృష్టం పాలు కొంత ఉండొచ్చు. అసలు తేడా ముందే ఏం తెలుసు అన్నదాంట్లో ఉంది. కాండోర్‌కి దగ్గరి చుట్టమైన ఆండియన్ కాండోర్ బోనులో గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుందని అప్పటికే తెలుసు. 1982లో ఇంకో సంగతి కళ్లారా చూశారు. ఒక కాండోర్ జంట తమలో తాము గొడవపడి గుడ్డును కొండ అంచు నుంచి కిందకి దొర్లించేసింది. కొన్ని వారాలకి ఆ జంటే మళ్లీ గుడ్డు పెట్టింది. అంటే మొదటి గుడ్డు మనం తీసుకుని ఇంక్యుబేటర్లో పొదిగించినా, తల్లి ఇంకోటి పెడుతుందన్నమాట. బందీలో పెంచే ప్లాన్‌కి ఆ పోట్లాట పెద్ద బలమే ఇచ్చింది. వకీటా విషయంలో చేతిలో ఇలాంటి ఆధారం ఒక్కటీ లేదు. దాన్ని అంతకుముందు ఎవరూ పెంచి చూడలేదు.

‘సైన్స్ ఏమంటోంది?’ అని అడిగితే ఇవాళ ఒక జవాబు వస్తుంది, పదేళ్లు పోయాక వేరేది రావచ్చు. అందుకే దారుల్ని పోల్చేటప్పుడు నేను చూసేవి రెండు. ఇప్పుడు తెలిసింది రేపు తప్పని తేలితే వెనక్కి రాగలమా? ఊరికే ఆగితే ఈలోగా పోయేదెంత? మామూలుగా ఎదురుగా ఉండే దారులు ఇవి: ఇంకొంత పరిశోధించడం, ఉన్నచోటే కారణాన్ని తొలగించడం, పట్టి పెంచడం, వేరేచోటి నుంచి కొత్త రక్తం తేవడం (అంటే దగ్గరి చుట్టాల్ని తెచ్చి కలపడం), జీవినే ఇంకోచోటికి మార్చడం, ల్యాబ్ సాయం తీసుకోవడం. వీటిలో రెండు మూడు కలిసి నడవడం మామూలే. డబ్బు, మనుషులు, టైమ్ ఎప్పుడూ తక్కువే కాబట్టి ముందు ఏది అన్న దగ్గరే గొడవంతా.

ముందు కారణం తెలిసిందా?

కాలిఫోర్నియా తీరంలోని ఛానల్ దీవుల్లో పిల్లి సైజులో ఉండే ఐలండ్ ఫాక్స్ అనే నక్క ఉంటుంది. 1990ల చివర్లో చాలా దీవుల్లో ఇవి ఒక్కసారిగా తగ్గిపోయాయి. దూరం నుంచి చూసేవాడికి అన్నిచోట్లా ఒకటే జబ్బు అనిపిస్తుంది. కానీ కాటలీనా దీవిలో నక్కల్ని చంపింది కుక్కల్లో కనిపించే డిస్టెంపర్ వైరస్. ఉత్తరాన ఉన్న దీవుల్లో చంపింది బంగారు గద్దలు. ఈ రెండో కథ కొంచెం మెలికలు తిరుగుతుంది. చేపలు తిని బతికే బట్టతల గద్దలు అక్కడ ఉన్నంతకాలం బంగారు గద్దల్ని రానిచ్చేవి కావు. డీడీటీ పురుగుమందు వల్ల బట్టతల గద్దలు పోయాయి. మనుషులు తెచ్చి వదిలిన పందులు అడవిపందుల్లా మారి పెరిగాయి. వాటి పిల్లల కోసం వచ్చిన బంగారు గద్దలు నక్కల్ని కూడా తినేశాయి.

అందుకే కాటలీనాలో మందు వ్యాక్సిన్ అయింది. ఉత్తరాన బంగారు గద్దల్ని పట్టి వేరేచోటికి తరలించారు, పందుల్ని తొలగించారు, బట్టతల గద్దల్ని తిరిగి తెచ్చారు, ఈలోగా కొన్ని నక్కల్ని బోనుల్లో పెంచారు. 2016లో ఉత్తర దీవుల మూడు ఉపజాతుల్నీ ప్రమాద జాబితా నుంచి తీసేశారు. గద్దలు తిరిగే దీవిలో వ్యాక్సిన్లు వేసుకుంటూ కూర్చుంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

రాబందుల కథ దీనికన్నా పెద్దది. 1992 నుంచి 2007 మధ్య భారతదేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం పోయాయి, అంటే వెయ్యికి ఒకటి మిగిలింది. మొదట్లో చాలామంది ఏదో కొత్త వైరస్ అనుకున్నారు. పక్షులు మెడ వేలాడేసుకుని కూర్చుని, కొన్నాళ్లకి కొమ్మ మీంచి రాలిపోయేవి. కోసి చూస్తే లోపలి అవయవాల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పూత. అది యూరిక్ యాసిడ్. కిడ్నీలు పాడైతే అలా పేరుకుంటుంది. పాకిస్తాన్‌లో పనిచేసిన బృందం 2004లో అసలు సంగతి బయటపెట్టింది. కారణం పశువులకి నొప్పికి వేసే డైక్లోఫెనాక్ అనే మందు. ఆ ఇంజెక్షన్ వేశాక కొద్దిరోజుల్లో చనిపోయిన పశువును తిన్న రాబందుకి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఈ ఒక్క సమాచారంతో దారులన్నీ తారుమారయ్యాయి. వైరస్ అయ్యుంటే పట్టి పెంచడమే ప్రధానమైన పని. కారణం మందు కాబట్టి, పెంచిన పక్షుల్ని అదే విషం మధ్యకి వదిలితే లాభం లేదు. ముందు మందు ఆగాలి. మెలాక్సికామ్ అనే ప్రత్యామ్నాయం రాబందులకి హాని చేయదని పరీక్షించి తేల్చారు. రైతుకి ఇబ్బంది లేకుండా మార్చగలిగే మార్గం దొరికింది కాబట్టే నిషేధం అంత త్వరగా వచ్చిందని నా అభిప్రాయం. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువులకి డైక్లోఫెనాక్‌ను నిషేధించాయి. అయినా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకి వాడుతున్నారని తేలింది. 2015లో భారత్‌లో సీసా సైజును 3 మిల్లీలీటర్లకి కుదించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ప్రమాదమేనని పరిశోధనలు చెప్పడంతో 2023లో వాటినీ పశువైద్యం నుంచి తొలగించారు. నిషేధం వచ్చింది కదా అని ఫైలు మూసేసి ఉంటే ఈ రెండు మందులూ పని కానిచ్చేవి.

ఇంకా తెలుసుకుందాం అనేది ఎప్పుడు తప్పు?

పై రెండు కథలూ చదివితే కారణం తేలేదాకా ఆగడమే మంచిదనిపిస్తుంది. అక్కడే బోల్తా పడతాం.

హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకి చెందిన క్రిస్మస్ ఐలండ్‌లో పిపిస్ట్రెల్ అనే బుల్లి గబ్బిలం ఉండేది. ఏటేటా తగ్గిపోతోందని సర్వేలు చెబుతూనే ఉన్నాయి. ఎందుకన్నది మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. కొన్నింటిని పట్టి పెంచాలని పరిశోధకులు అడిగారు. అనుమతి 2009 మధ్యలో వచ్చింది. బృందం దీవికి చేరేసరికి గబ్బిలాల శబ్దం పట్టే డిటెక్టర్లలో వినిపిస్తున్నది ఒక్క గబ్బిలమే. దాన్ని పట్టడానికి ఎంత ప్రయత్నించినా వలకి చిక్కలేదు. ఆగస్టు 26 రాత్రి ఆ శబ్దం చివరిసారి వినిపించింది. 2017లో జీవుల ప్రమాద స్థాయిని అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిన జాతిగా ప్రకటించింది. ఎందుకు పోయిందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు.

ఆగాలా వద్దా అని తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష చాలా చిన్నది: రాబోయే జవాబు ఎటు వచ్చినా మనం చేసే పని మారుతుందా? నక్కల విషయంలో మారుతుంది. వైరస్ అయితే ఒక పని, గద్ద అయితే ఇంకో పని. అక్కడ పరిశోధన ఖర్చు దండగ కాదు. గబ్బిలం విషయంలో చంపుతున్నది పామైనా, చీమలైనా, జబ్బైనా, ముందు నాలుగు ప్రాణాలు భద్రంగా పక్కన పెట్టుకోవాల్సిందే. అలాంటప్పుడు ‘ఇంకో సర్వే చేద్దాం’ అనేది జాగ్రత్తలా కనిపించే వాయిదా. కమిటీలకి ఇది భలే హాయిగా ఉంటుంది, సంతకం పెట్టక్కర్లేదు కదా.

పట్టి పెంచడానికి అయ్యే అసలు ఖర్చు

బోనులో సంఖ్య పెరగడం చూసి మురిసిపోతాం. కాండోర్ పిల్లల్ని మొదట్లో తల్లి తలలా ఉండే చేతిబొమ్మతో మేపేవారు, మనుషుల్ని చూసి అలవాటు పడకూడదని. 1992 నుంచి అడవిలో వదలడం మొదలెట్టాక చూస్తే కొన్ని కుర్ర పక్షులు మనుషులున్నచోట వాలడం, కరెంటు స్తంభాలెక్కడం చేశాయి. బొమ్మ మేత పెడుతుంది గానీ ఎక్కడ వాలకూడదో నేర్పదు. తర్వాత పద్ధతి మార్చారు. వీలైనంతవరకు తల్లిదండ్రుల దగ్గరే పెంచడం, పెద్ద పక్షిని తోడు ఉంచడం మొదలెట్టారు. పంజరంలోనే ఒక నకిలీ స్తంభం పెట్టి, వాలితే చిన్న షాక్ కొట్టేలా చేశారు. సైన్స్ మారడమంటే చాలాసార్లు ఇలాగే ఉంటుంది, వదిలిన పక్షి ఏం చేసిందో రాసుకుని వచ్చే ఏడాది పంజరం మార్చుకోవడం.

కాబట్టి పట్టి పెంచే ప్లాన్ ఎవరైనా చూపిస్తే, ఎన్ని పుడతాయన్నది తర్వాత అడగొచ్చు. ఎక్కడికి వదులుతారు, అక్కడ చంపిన కారణం పోయిందా, ఎవరు నేర్పుతారు అని ముందు అడగండి. వీటికి జవాబు లేకపోతే అది శాశ్వత పంజరమే. కొన్నిసార్లు అదీ తప్పదు, కానీ ఆ సంగతి తెలిసి ఒప్పుకోవాలి.

కొత్త రక్తమా, స్వచ్ఛతా?

సైన్స్ మాట మార్చిన తీరు ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

ఫ్లోరిడా ఉప్పు చిత్తడి నేలల్లో డస్కీ సీసైడ్ స్పారో అనే నల్లటి పిచ్చుక ఉండేది. దోమల్ని అరికట్టడానికి ఆ చిత్తడి నేలల్ని నీటితో ముంచేయడంతో వాటికి గూళ్లు పెట్టే చోటే పోయింది. చివరికి మగవి మాత్రమే మిగిలాయి. పక్క ప్రాంతపు ఆడ పిచ్చుకలతో కలిపి ఆ రక్తం ఎంతోకొంత నిలబెడదామన్నారు కొందరు. పుట్టేవి సంకరజాతి, వాటికి చట్టం రక్షణ ఇవ్వదు అంటూ ప్రభుత్వం వెనకాడింది. 1987 జూన్ 17న ఆఖరి మగపిచ్చుక చనిపోయింది. రెండేళ్లకి దాని మైటోకాండ్రియా డీఎన్ఏను (తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏ) పోల్చి చూసినవాళ్లు అట్లాంటిక్ తీరంలోని మిగతా పిచ్చుకలకీ దీనికీ పెద్ద తేడా లేదన్నారు. అంటే ‘స్వచ్ఛత’ అని ఏ గీతను కాపాడామో, ఆ గీతే సన్నటిదని తేలింది.

అదే ఫ్లోరిడాలో, 1995లో, పాంథర్ల (ప్యూమా అనే పెద్ద పిల్లికి అక్కడి పేరు) దగ్గర వేరే నిర్ణయం తీసుకున్నారు. అక్కడ ఇరవై ముప్పై మాత్రమే మిగిలి, దగ్గరి చుట్టాల మధ్యే సంతానం కలిగి, తోకలు వంకర్లు తిరిగి, గుండెలో లోపాలతో, వృషణాలు కిందకి దిగని మగపిల్లలు పుడుతున్నాయి. టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాల్ని తెచ్చి వదిలారు. పదేళ్లు గడిచేసరికి సంఖ్య మూడింతలైంది, లోపాలు బాగా తగ్గాయి. నాకు నచ్చిన విషయం ఒకటుంది. అవసరం తీరాక ప్రాణంతో మిగిలిన టెక్సాస్ ప్యూమాల్ని 2003 కల్లా అడవి నుంచి వెనక్కి తీసేశారు. స్థానిక రక్తం పూర్తిగా కొట్టుకుపోకుండా ఆ జాగ్రత్త. తప్పైతే ఆపగలిగేలా ప్లాన్ వేసుకోవడమంటే ఇదే.

పాంథర్ చూసి ప్రతి చిన్న గుంపుకీ కొత్త రక్తం ఎక్కించాలనుకోకూడదు. 1980లో ‘50/500’ అనే లెక్క వచ్చింది: సంతానం కనేవి 50 ఉంటే దగ్గరి చుట్టరికపు నష్టాన్ని కొంతకాలం తట్టుకోవచ్చు, దీర్ఘకాలానికి 500 కావాలి అని. 2014లో కొందరు అది చాలదు, 100/1000 అనాలన్నారు. ఈ అంకెలు చూసి ‘యాభై కన్నా తక్కువున్నాయి, ఇక వదిలేద్దాం’ అనేవాళ్లూ ఉన్నారు. న్యూజీలాండ్‌లో ఎగరలేని చిలుక కాకాపో 1995లో 51కి పడిపోయి, 2022లో 252 దాకా వచ్చింది. దాని జన్యువుల్ని చదివి 2021లో పరిశోధకులు చెప్పిందేంటంటే, స్టీవర్ట్ దీవిలో వేల ఏళ్లుగా చిన్న గుంపుగా బతికిన పక్షుల్లో హానికరమైన మార్పులు ప్రధాన భూభాగపు పక్షుల్లో కన్నా తక్కువ ఉన్నాయట. అంటే చిన్న గుంపుగా బతకడమే అలవాటైన జాతికి ఆ లెక్క వేరు. వకీటా కూడా అంతే. 2022 నాటి జన్యు అధ్యయనం ప్రకారం వాటికి జన్యుపరంగా చావు రాసిపెట్టి లేదు. తొతోవాబా చేపల కోసం వేసే గిల్ వలల్లో చిక్కి చనిపోవడం ఆగితే కోలుకోవచ్చు. ఇక్కడ కొత్త రక్తం ఊసే అనవసరం, వల పైకి రావాలి అంతే.

ఎంచుకోవాల్సి వస్తే నా లెక్క ఇది. ఆ జీవిలో అనారోగ్యం కళ్లకి కనిపిస్తోందా (వంకర తోకలు, పొదగని గుడ్లు)? దగ్గర్లోనే, ఈమధ్య కాలం వరకు కలిసి తిరిగిన చుట్టం ఉందా? రెండింటికీ అవునంటే కొత్త రక్తం తేవాలి, పేరు కోసం ప్రాణం పోగొట్టకూడదు. అనారోగ్యం ఏదీ లేకుండా కేవలం అంకె చూసి అయితే మాత్రం తొందరపడను.

పేరు మారితే?

ఆఫ్రికా ఏనుగుల్ని ఐయూసీఎన్ 2021లో మొదటిసారి రెండు జాతులుగా విడదీసి అంచనా వేసింది. అంతకుముందు అన్నీ కలిపి చూసినప్పుడు ప్రమాద స్థాయి ‘వల్నరబుల్’ (మూడు ప్రమాద స్థాయిల్లో కిందిది). విడదీశాక అడవి ఏనుగు ‘క్రిటికల్లీ ఎండేంజర్డ్’ (అన్నిటికన్నా పైది), గడ్డిమైదానాల్లోని సవానా ఏనుగు ‘ఎండేంజర్డ్’ (మధ్యది) అయ్యాయి. 31 ఏళ్లలో 86 శాతం తగ్గిన అడవి ఏనుగులు అంతవరకూ సవానా ఏనుగుల లెక్క వెనక దాక్కున్నాయి. 2025లో జిరాఫీలు కూడా నాలుగు జాతులయ్యాయి.

తిరగబడే కథ కూడా ఉంది. అమెరికాలో స్నెయిల్ డార్టర్ అనే వేలెడంత చేప కోసం టెలికో డ్యామ్ పని ఆగిపోయి, 1978లో సుప్రీంకోర్టు చేప పక్షాన తీర్పిచ్చింది. తర్వాతి ఏడాదే చట్టసభ డ్యామ్‌కి మినహాయింపు ఇచ్చేసింది. వేరే నదుల్లోకి తరలించిన చేపలు నిలదొక్కుకుని, 2022లో జాబితా నుంచి బయటికొచ్చాయి. 2025 జనవరిలో వచ్చిన అధ్యయనం అది అసలు విడి జాతే కాదు, స్టార్‌గేజింగ్ డార్టర్ అనే చేపకి తూర్పు గుంపు మాత్రమేనని చెప్పింది. ‘చూశారా, అంతా ఉత్తుత్తిదే’ అని కొందరు సంబరపడ్డారు. నాకు మాత్రం అప్పటి నిర్ణయం తప్పనిపించదు. చేతిలో ఉన్న ఆధారంతో అలా చేయడమే సబబు. రక్షణ మొత్తం ఒక్క పేరు మీద వేలాడదీస్తే, పేరు ఊడినరోజు అన్నీ ఊడతాయన్నది మాత్రం నిజం. అందుకే జాతి పేరుతో పాటు ఆ నదినీ, ఆ అడవినీ ఆధారంగా చూపే ప్లాన్‌ని నేను ముందు ఎంచుకుంటాను.

మార్చడం, ల్యాబ్

వాతావరణం మారి ఉన్నచోటే పనికిరాకుండా పోతే జీవిని ముందెన్నడూ లేని చోటికి మార్చాలా అన్నది కొత్త తలనొప్పి. కొత్తచోట అదే పెద్ద బెడద కావచ్చు, వదిలాక వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. పశ్చిమ ఆస్ట్రేలియాలో వెస్టర్న్ స్వాంప్ టార్టాయిస్ అనే తాబేలును 2016లో ఇంకా దక్షిణానికి తీసుకెళ్లి, కొన్నింటిని వదిలి పరీక్షించారు. మెల్లగా కదిలే, కొన్నే పిల్లల్ని కనే తాబేలుకి ఈ సాహసం ఫరవాలేదు. వేగంగా పెరిగే కీటకానికో, ఎలుకకో అయితే నేను ఒప్పుకోను.

క్లోనింగ్ విషయంలో హడావిడి ఎక్కువ, అసలు పాఠం మాత్రం చిన్నదీ చౌకదీ. అమెరికాలో నల్లకాళ్ల ఫెరెట్ అనే, ముంగిసలా కనిపించే చిన్న వేట జంతువు 1980ల్లో 18కి పడిపోయింది. ఇప్పుడున్నవన్నీ వాటిలో ఏడింటి సంతానమే. విల్లా అనే ఆడది వారసులు లేకుండా పోయింది. 1988లో దాని కణాల్ని శాన్ డియేగోలో గడ్డకట్టించి దాచారు. క్లోనింగ్‌తో పుట్టిన గొర్రెపిల్ల డాలీ రావడానికి ఇంకా ఎనిమిదేళ్లు ఉంది, ఆ కణాలతో ఏం చేయాలో అప్పుడెవరికీ తెలీదు. 2020 డిసెంబరులో ఆ కణాల నుంచి ఎలిజబెత్ ఆన్ పుట్టింది. తర్వాత పుట్టిన ఇంకో క్లోన్ ఆంటోనియా 2024లో పిల్లల్ని కన్నది. ఇంతా చేసి, ఫెరెట్లు తినే ప్రెయిరీ డాగ్‌లకి (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువులు) ప్లేగు వస్తే బయట వాటికి తిండి ఉండదు. అందుకే ల్యాబ్ ఎప్పుడూ నా లిస్టులో రెండోదే. చిన్న చర్మపు ముక్క దాచడం మాత్రం మొదటి రోజే చేయాలి. ఏ దారి ఎంచుకున్నా దానికి అడ్డురాదు, వద్దనుకుంటే ఫ్రీజర్ తలుపు తీయకపోతే సరి. ఉత్తర తెల్ల ఖడ్గమృగం విషయంలో ఆఖరి మగది సుడాన్ 2018లో పోయినా, నాజిన్, ఫాతూ అనే రెండు ఆడవే మిగిలినా, ఇంకా ప్రయత్నం సాగుతోందంటే ఇలా దాచిన కణాల వల్లే.

ఎవరైనా ప్లాన్ చూపించి మద్దతు అడిగితే నేను పేజీలు తిప్పి వెతికేది ఒక్క పేరా కోసం: ఏం జరిగితే ఆపేస్తారు? ఏం కనిపిస్తే దారి మారుస్తారు? ఎన్నేళ్లకోసారి చూసుకుంటారు? అది లేని ప్లాన్ ఎంత గొప్ప ఫొటోలతో ఉన్నా నాకు టెన్షనే. వకీటా బృందానికి ఒక్క చావుతో ఆగగలిగే ధైర్యం ఉంది, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి.

ఏసీ-9 సంగతి చెప్పలేదు కదా. పదిహేనేళ్లు బోనులో ఉండి, పిల్లల తండ్రై, 2002లో మళ్లీ బయటికి వదిలిపెట్టబడింది. కాండోర్లని చంపుతున్నది ఎక్కువగా తూటాల్లోని సీసమే. వేటాడిన జంతువు కళేబరంలో మిగిలిన సీసపు ముక్కలు తిని విషమెక్కుతుంది. వేటలో సీసపు తూటాల్ని కాలిఫోర్నియా పూర్తిగా నిషేధించింది 2019లో. బయట ఎగిరే కాండోర్లని ఇప్పటికీ ఏటా వలవేసి పట్టి, రక్తం తీసి, సీసం ఎంతుందో చూసి, ఎక్కువుంటే విరుగుడు ఎక్కించి మళ్లీ వదులుతున్నారు.